సింగిల్ టేక్‌లో తేలని మాట

(ఒక డిగ్రీ కళాశాలలో ఆంగ్ల భాషా దినోత్సవం నాడు విశ్రాంత ఆంగ్ల అధ్యాపకుడు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకు రండమ్మా, ఇక్కడ రెండు బెంచీలు ఖాళీగా ఉన్నాయి.

ఇందాక నేను వేదిక ఎక్కగానే మీ కన్వీనర్ అబ్బాయి మైకులో ‘సార్, ప్లీజ్ టేక్ యువర్ సీట్’ అన్నాడు. నేను బుద్ధిగా కూర్చున్నాను. ఎప్పుడో నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, హైస్కూల్లో ఆలస్యంగా వచ్చిన కుర్రాడొకడితో ఇదే మాట అన్నాను. వాడు నా మొహం చూశాడు, స్టూలు చూశాడు, స్టూలు చంకన పెట్టుకుని బయటికి నడిచాడు. (నవ్వులు) మీరు నవ్వుతున్నారు గానీ తప్పు వాడిది కాదు. టేక్ అంటే ‘తీసుకొను’ అని అంతకు ముందు వారమే బోర్డు మీద రాసింది నేను. వాడు తీసుకున్నాడు.

గో అంటే వెళ్ళు, కమ్ అంటే వచ్చు, టేక్ అంటే తీసుకొను. మనందరం ఇలాగే నేర్చుకున్నాం. పుస్తకం, చెట్టు, పిల్లి లాంటి మాటలకైతే ఈ పద్ధతి సాగుతుంది. చిన్న చిన్న క్రియల దగ్గరికి వచ్చేసరికి బోల్తా కొడుతుంది. ఆక్స్‌ఫర్డ్ పెద్ద నిఘంటువు వాళ్లు ‘రన్’ అనే ఒక్క క్రియకే 645 అర్థాలు లెక్క తేల్చారని 2011లో వార్తలొచ్చాయి. రన్ అంటే పరుగెత్తు అని ఒక్క ముక్కలో తేల్చేసిన మనం మిగిలిన 644 ఎక్కడ పెట్టుకోవాలి? ఇవాళ రన్ జోలికి పోను, భయమేస్తుంది. టేక్ ఒక్కటే పట్టుకుంటాను.

చిన్న ఆట ఆడదాం. నేను ఇంగ్లీషులో అంటాను, మీరు మీ ఇంట్లో మాట్లాడే తెలుగులో చెప్పండి. పుస్తకాల తెలుగు వద్దు. టేక్ ఏ టాబ్లెట్? మాత్ర వేసుకో, అంతే. టేక్ ఏ ఫోటో? ఫోటో తియ్యి. టేక్ ఏ బస్? బస్సెక్కు. టేక్ ఏన్ ఎగ్జామ్? పరీక్ష రాయి. టేక్ ఏన్ ఓత్? ప్రమాణం చెయ్యి. టేక్ పిటీ? జాలిపడు. టేక్ అఫెన్స్? ఆ, అక్కడెవరో ‘ఫీలవ్వు’ అన్నారు, అదీ ఇప్పుడు తెలుగే, కాదనను. మా అమ్మ అయితే నొచ్చుకో అనేది. చెట్టు గురించి టేక్ రూట్ అంటే? వేళ్లు పాతుకుంది.

లెక్కపెట్టండి. ఎనిమిది టేక్‌లకి ఎనిమిది వేరువేరు క్రియలొచ్చాయి. మీరెవరూ ఒక్కచోట కూడా ‘తీసుకొను’ అనలేదు. అంటే మీలో తెలుగు బాగానే ఉంది. మీరు ఎక్కడ తడబడతారో కూడా నాకు ఈ ఆటలోనే తెలిసిపోతుంది. మాత్ర అనగానే మనసులో ‘వేసుకో’ వస్తుంది, దాన్ని ఇంగ్లీషులోకి తోసి ‘ఐ పుట్ టాబ్లెట్’ అంటారు. ఇంగ్లీషువాడికి నిజానికి ఆ టేక్‌లో పెద్ద అర్థమేమీ లేదు. అర్థమంతా టాబ్లెట్‌లో ఉంది, ఎగ్జామ్‌లో ఉంది, బస్‌లో ఉంది. టేక్ కేవలం ఆ నామవాచకాన్ని మోసే కావడి. మన ‘వేయు’, ‘పడు’ కూడా ఇలాంటి కావళ్లే కదా. భయం వేస్తుంది, ఆకలి వేస్తుంది, లారీకి రంగు వేస్తారు, ఓటు వేస్తారు, తలుపు వేస్తారు. ఒక దొర వచ్చి ‘వేయు’ అంటే త్రో అని రాసుకున్నాడనుకోండి. ఓటు విసిరి, తలుపు విసిరి, చివరికి ఆకలి విసిరి ఏమైపోతాడు! (నవ్వులు)

అందుకే మా విద్యార్థులకు ఒకటే చెప్పేవాణ్ని. టేక్‌కి తెలుగేమిటి అని అడగొద్దు, ఎగ్జామ్‌కి ఇంగ్లీషులో ఏ క్రియ కడతారు అని అడుగు. మాటను ఒంటరిగా బట్టీ పట్టొద్దు, దాని జోడీతో సహా రాసుకో.

జోడీ సంగతి వచ్చింది కాబట్టి ఫోటో గురించి ఒక మాట. తెలుగులో మనం ఫోటో తీస్తాం, ఫోటో దిగుతాం కూడా. కెమెరా వెనక ఉన్నవాడు తీస్తాడు, ముందున్నవాడు దిగుతాడు. ఎంత చక్కటి తేడా! మీరు ‘చార్మినార్ దగ్గర ఫోటో దిగాను’ అనే ఉద్దేశంతో ‘ఐ టుక్ ఏ ఫోటో ఎట్ చార్మినార్’ అంటే, కెమెరా మీ చేతిలో ఉందనీ, ఫోటోలో చార్మినార్ ఉందనీ అవతలివాడు అనుకుంటాడు. దిగడానికి ఇంగ్లీషులో ‘ఐ హ్యాడ్ మై ఫోటో టేకెన్’ అనాలి. అంత పొడుగు వాక్యాన్ని మనం ‘దిగాను’ అని ఒక్క మాటలో అనేశాం. సెల్ఫీ వచ్చాక మాత్రం తీసేవాడూ దిగేవాడూ ఒకడే అయ్యాడు. అప్పుడు ఏమంటున్నాం? సెల్ఫీ తీసుకున్నాం. ఆ ‘కొను’ వచ్చి చేరింది చూశారా? దాని దగ్గరికి మళ్లీ వస్తాను.

ఇప్పుడు టేక్ ఎక్కడిదో చెప్పాలి. ఇంత వాడుకలో ఉన్న మాట కదా, ఇంగ్లీషువాళ్ల సొంతమే అనుకుంటాం. కాదు, అది అరువు సొమ్ము. పాత ఇంగ్లీషులో తీసుకోవడానికి ‘నిమన్’ అనే మాట ఉండేది. జర్మన్ నేర్చుకుంటున్నవాళ్లు ఇక్కడ ఎవరైనా ఉంటే చెయ్యెత్తండి. ఇద్దరున్నారు. జర్మన్‌లో టేక్‌ని ఏమంటారమ్మా? ‘నేమెన్’. అదే, పాత ఇంగ్లీషు నిమన్‌కి చుట్టం. అది ఇప్పటికీ జర్మనీలో హాయిగా ఉంది, ఇంగ్లాండులో మాత్రం ఇల్లు ఖాళీ చేసింది.

ఎందుకంటే వైకింగులొచ్చారు, స్కాండినేవియా నుంచి ఓడల మీద వచ్చిన దోపిడీదారులు. 793లో లిండిస్‌ఫార్న్ అనే దీవి మీద ఉన్న మఠాన్ని దోచుకున్నారు. తర్వాత వందేళ్లలో దోపిడీకి వచ్చినవాళ్లు చాలామంది అక్కడే పొలాలు దున్నుకుంటూ, అక్కడి పిల్లలను పెళ్లాడి స్థిరపడ్డారు. ఉత్తర ఇంగ్లాండు, తూర్పు ఇంగ్లాండులలో రెండు భాషలు ఒకే వీధిలో, ఒకే సంతలో కలిసి బతికాయి. వాళ్ల నార్స్ భాషలో తీసుకోవడాన్ని ‘తాకా’ అనేవారు. పాత ఇంగ్లీషు చివరి రోజుల్లో అది ఇంగ్లీషులోకి చొరబడింది, కొన్ని శతాబ్దాల్లో నిమన్‌ను పక్కకు నెట్టేసింది. తీసుకోవడం అనే మాటనే తీసుకున్నారు. గెట్ కూడా అక్కడిదే. దే, దెమ్, దెయిర్ అనే సర్వనామాలూ అక్కడివే. ఒక భాష పక్క భాష నుంచి సర్వనామాలు తెచ్చుకుందంటే ఆ రెండూ ఎంత దగ్గరగా మసిలాయో ఊహించండి.

విండో కూడా నార్స్ మాటే. దాని అసలు అర్థం గాలికన్ను. మన గవాక్షం? గోవు కన్ను. ఎక్కడో మంచుదేశంలో గోడకు కన్నం పెట్టినవాడికీ, ఇక్కడ పెట్టినవాడికీ అది కన్నులాగే కనిపించింది. ఇది మన విషయం కాదు, నోటికి వచ్చింది కాబట్టి చెప్పాను.

పాపం నిమన్ పూర్తిగా చావలేదు. దంతవైద్యుడు ఇంజెక్షన్ ఇచ్చాక చిగురు మొద్దుబారుతుంది చూడండి, దాన్ని ‘నమ్’ అంటారు. ఆ నమ్ అనేది నిమన్ తాలూకు భూతకాల రూపమే. ‘తీసుకోబడినది’ అని. స్పర్శ ఎవరో తీసుకుపోయారన్నమాట. చివర్లో పలకని ‘బి’ తర్వాతి కాలంలో వచ్చి అతుక్కున్నది. చురుకైనవాణ్ని ‘నింబుల్’ అంటారే, అదీ ఈ కుటుంబమే. చటుక్కున అందుకునేవాడు.

ఇక తాకాకి ఇంకా పాత చుట్టం ఒకటి గోథిక్ భాషలో ఉంది. నాలుగో శతాబ్దంలో బైబిల్ అనువాదం జరిగిన భాష అది. అందులో ‘తేకన్’ అంటే తీసుకోవడం కాదు, ముట్టుకోవడం. అంటే ఈ మాట మొదట్లో చేతి స్పర్శ. ముట్టుకోవడం పట్టుకోవడమైంది, పట్టుకోవడం సొంతం చేసుకోవడమైంది. తాకా అంటే తాకడం అని గుర్తుపెట్టుకోవచ్చు మీరు. కాకపోతే రెండు భాషలకూ చుట్టరికం ఉందని మాత్రం వాట్సాప్‌లో పంపకండి. (నవ్వులు) ధ్వని కలిసింది, అంతవరకే.

‘మిస్టేక్’ అన్న మాటను ఎప్పుడైనా విరిచి చూశారా? మిస్, టేక్. తప్పుగా తీసుకోవడం. అదీ నార్స్ నుంచి వచ్చిందే, మిస్తాకా. మనం ఎవరితోనైనా ఇబ్బందికరమైన మాట చెప్పేముందు ఏమంటాం? ‘మరోలా తీసుకోకండి’, ‘తప్పుగా తీసుకోకండి’ అంటాం. వాళ్లు ఒక్క మాటలో ముద్దచేసి మింగేసిన దాన్ని మనం ఇంకా విడివిడిగా నములుతున్నాం.

సరే, తెలుగు వైపు రండి. తీసుకొను అంటే ‘తీసి కొను’. ఇందులో తీయు అంటే ఉన్నచోటి నుంచి కదిలించడం. మరి కొను? ఇవాళ కొను అంటే డబ్బిచ్చి కొనడమే. పాత తెలుగులో కొను అంటే తీసుకోవడమే. కన్నడంలో, తమిళంలో దీని తోబుట్టువులు ఇప్పటికీ ఆ పని చేస్తున్నాయి. చేకొను అంటే చేతితో అందుకొను. కైకొను, గైకొను అన్నా అంతే, కై అన్నా చెయ్యే. గోథులు చేతితో ముట్టుకోవడం దగ్గర మొదలుపెట్టారు, మనవాళ్లు చేతిని మాటలోనే కట్టేశారు.

ఆ కొను తర్వాత ఏం చేసిందంటే, ప్రతి క్రియ తోకనూ పట్టుకుంది. చేసుకో, రాసుకో, చదువుకో, పడుకో, నవ్వుకో. నీ కోసం నువ్వు చేస్తే కొను వస్తుంది. ‘అన్నం వండింది’ వేరు, ‘అన్నం వండుకుంది’ వేరు. రెండో వాక్యంలో ఆవిడ ఒంటరిగా ఉందేమోనన్న అనుమానం కూడా వస్తుంది మనకు. ఈ సొగసు ఇంగ్లీషు టేక్‌కి లేదు, టేక్ ఇంత దూరం రాలేదు. కాబట్టి ఇంగ్లీషు ముందు మరీ అంత తగ్గి కూర్చోనక్కర్లేదు మీరు.

మాకు చిన్నప్పుడు ఇంట్లో తీసుకొను కంటే ‘పుచ్చుకొను’ ఎక్కువ. కాఫీ పుచ్చుకుంటారా అని అడిగేవారు. పురోహితుడు దక్షిణ పుచ్చుకునేవాడు. పిల్లాడి చెయ్యి పుచ్చుకుని నడిపించేవారు. ఇప్పుడు ఆ మాట ఎక్కడ మిగిలింది? ‘ఇచ్చిపుచ్చుకోవడం’లో మిగిలింది. ఇంగ్లీషులో గివ్ అండ్ టేక్. రెండింటిలోనూ ఇవ్వడమే ముందు. అప్పులిచ్చేవాడు కనిపెట్టి ఉండడు ఈ మాట.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన చోటికి వస్తున్నాను. ‘ఇట్ టేక్స్ టూ అవర్స్.’ రెండు గంటలు పడుతుంది. ఇక్కడ ‘పడుతుంది’ అనగానే కింద పడటం అనుకుంటారు చాలామంది. భూతకాలంలో పెట్టి చూడండి. రెండు గంటలు పడిందా? కాదు, పట్టింది. అంటే అసలు క్రియ ‘పట్టు’. పని కాలాన్ని పట్టుకుంటుంది. ఇంగ్లీషులో కూడా పని కాలాన్ని టేక్ చేస్తుంది. ఇది మనం వాళ్ల దగ్గర అనువాదం చేసుకున్నది కాదు, తెల్లవాడు రాకముందు కూడా మన బండ్లకు ఊరు చేరడానికి ఒక పూట పట్టేది. జబ్బు కూడా అంతే. జ్వరం పట్టుకుంది అంటాం, వాళ్లు ‘టేకెన్ ఇల్’ అంటారు. పట్టుకున్నది మనం కాదు, జ్వరం.

ఇంకొకటి. అర్థం చేసుకోవడాన్ని మనం సంస్కృతం మాటతో ‘గ్రహించడం’ అంటాం. గ్రహించడమంటే పట్టుకోవడమే. సూర్యుణ్ని పట్టుకుంటే గ్రహణం, విషయాన్ని పట్టుకుంటే గ్రహింపు, చెయ్యి పట్టుకుంటే పాణిగ్రహణం. ఇంగ్లీషులో కూడా విషయం తలకెక్కితే ‘టేక్ ఇన్’ అంటారు. పెళ్లి? ఆంగ్లికన్ చర్చి, అంటే ఇంగ్లాండు చర్చి పద్ధతి పెళ్లిలో వరుడు ‘ఐ టేక్ దీ’ (నిన్ను స్వీకరిస్తున్నాను) అనే పలుకుతాడు, వధువు చెయ్యి పట్టుకుని. నేను నలభై ఏళ్లు వ్యాకరణం చెప్పాను గానీ, ఈ పోలిక మొదటిసారి తట్టినరోజు క్లాసు మధ్యలో ఆగిపోయాను. పిల్లలు నాకేదో అయిందనుకున్నారు.

ఇక రివర్సులో ఏం జరుగుతోందో చూడండి. మనం టేక్‌ని తెలుగు చేస్తున్నామనుకుంటున్నాం గానీ, టేక్ మన తీసుకొనును నెమ్మదిగా ఇంగ్లీషు చేస్తోంది. పత్రిక తెరిస్తే ‘మంత్రివర్గం నిర్ణయం తీసుకుంది’, ‘అధికారులు చర్యలు తీసుకున్నారు’. నిర్ణయించింది అంటే చాలు కదా? టేక్ ఏ డిసిషన్ వెనకాల నిలబడి రాయించిందది. తమాషా ఏమిటంటే అమెరికావాడు డిసిషన్‌ని టేక్ చెయ్యడు, మేక్ చేస్తాడు. మనకు అమెరికావాడు ముందు తగిలి ఉంటే ఇవాళ మంత్రివర్గం నిర్ణయం ‘తయారు’ చేసేదేమో. (నవ్వులు)

ఆటో ఎక్కితే ‘లెఫ్ట్ తీసుకోండి’ అంటాం. రోడ్డు తవ్వితే ‘టేక్ డైవర్షన్’ అని బోర్డు పెడతారు. వీటి మీద నాకు కోపం లేదు, దారి తెలిస్తే చాలు. కానీ ‘స్నానం తీసుకున్నాను’ అని మొన్న ఒక సీరియల్లో విన్నాను. స్నానం చేస్తారమ్మా. చెయ్యలేకపోతే మానేస్తారు. తీసుకోరు.

అన్ని అరువులూ ఇలా వికటించవు. ‘లైట్ తీస్కో’ ఉంది చూడండి. దానికి నేను దణ్ణం పెడతాను. టేక్ ఇట్ లైట్లీ అనే పొడి మాటను తీసుకుని, తోక కోసి, హైదరాబాదు వీధుల్లో తిప్పి, ఎంత నిమ్మళమైన మాట చేశారో! పరీక్ష తప్పినవాడి భుజం మీద చెయ్యేసి ‘లైట్ తీస్కో రా’ అంటే ఎంత ఊరట! దాన్ని మళ్లీ ఇంగ్లీషులోకి ‘టేక్ లైట్’ అని పంపిస్తున్నారు మీరు. ఇంగ్లీషువాడు విని దీపం ఎక్కడుందని వెతుక్కుంటాడు.

టైమెంతయింది? ఇంకా పది నిమిషాలుంది, మంచిది.

టేక్ పక్కన చిన్న మాట చేరినప్పుడు వచ్చే వేషాలు అన్నీ చెప్పను, రెండు మూడు చెబుతాను. టేక్ ఆఫ్ మీకు తెలుసు, విమానం లేస్తుంది. చొక్కా విప్పడం కూడా అదే. వ్యాపారం పుంజుకోవడం, ఒకరిని అనుకరించి నవ్వించడం కూడా అదే. టేక్ ఇన్ ఇంకా గడుసుది. విషయం బుర్రకెక్కించుకోవడం అని ఇందాక చెప్పాను. దిక్కులేనివాణ్ని ఇంట్లో పెట్టుకుంటే అదీ టేక్ ఇన్. దర్జీ వదులైన జాకెట్టును లోపలికి కుట్టు వేసి బిగిస్తే అదీ టేక్ ఇన్. ‘ఐ వాజ్ టేకెన్ ఇన్’ అంటే మాత్రం మోసపోయాను అని. తెలిసో తెలియకో ఒక మోసగాణ్ని ఇంట్లో పెట్టుకుంటే రెండు టేక్ ఇన్‌లూ ఒకేసారి జరుగుతాయి.

‘టేక్ ఇట్ అవుట్ ఆన్ సంబడీ’ అని ఒకటుంది. దీన్ని మాటకు మాట పెట్టి విప్పబోతే సగం రోజు పడుతుంది. మన దగ్గర సిద్ధంగా ఉంది: అత్తమీద కోపం దుత్తమీద. ఆఫీసులో తిట్లు తిని ఇంటికొచ్చి పిల్లల మీద అరిచేవాడు టేక్ ఇట్ అవుట్ చేస్తున్నాడు. ‘టేక్ ఫర్ గ్రాంటెడ్’కి కూడా నిఘంటువు చూడకండి, ‘లోకువ’ అనే మాట తలుచుకోండి. ‘టేక్ ఆఫ్టర్’ అంటే పోలిక. పిల్లలు పెద్దలను టేక్ ఆఫ్టర్ చేస్తారు గానీ, తండ్రి కొడుకును చెయ్యడు. ‘టేకెన్ అబాక్’ అంటే ఉలిక్కిపడి తబ్బిబ్బవడం. అది ఓడవాళ్ల మాట. ఎదురుగాలి తెరచాపను వెనక్కి, స్తంభానికేసి తోసేస్తే ఓడ కదల్లేక నిలబడిపోతుంది. నిర్ఘాంతపోయిన మనిషి కూడా అలాగే నిలబడిపోతాడు కదా.

మీలో ఇక్కడ అధ్యాపకులు కాబోయేవాళ్లున్నారు కాబట్టి ఒక హెచ్చరిక. మనం ‘సార్ క్లాస్ తీసుకున్నారు’ అంటాం, అంటే చెప్పారు. అమెరికాలో క్లాస్ టేక్ చేసేవాడు విద్యార్థి. నాకు తెలిసిన ఒకాయన ఉద్యోగానికి దరఖాస్తు రాస్తూ ‘పదేళ్లుగా వ్యాకరణం క్లాసులు టేక్ చేస్తున్నాను’ అని రాశాడు. పదేళ్లయినా పాసవలేదా అని అవతలివాళ్లు అనుకుని ఉంటారు. ఇంగ్లీషులో మీరు టీచ్ చెయ్యండి, చాలు. ఇక ‘క్లాస్ పీకడం’ మాత్రం మన సొంతం.

ప్రశ్న ఉందా అమ్మా? మైకు ఇవ్వండి ఆ అమ్మాయికి.

(విద్యార్థిని: బ్రింగ్‌కీ టేక్‌కీ తేడా ఎప్పుడూ తికమకగా ఉంటుంది సార్.)

ఉంటుంది తల్లీ. ఎందుకుంటుందో చెబుతాను. తెలుగులో రెండింటిలోనూ ‘తీసుకొని’ ఉంది. తీసుకొని రా, తీసుకొని పో. పలికేటప్పుడు తీసుకురా, తీసుకుపో. మనకు మొదటి భాగం ఒక్కటే, దిక్కు చెప్పేది రెండో భాగం. ఇంగ్లీషులో ఆ దిక్కు క్రియ లోపలే ఉంది. ‘రా’ ఉంటే బ్రింగ్, ‘పో’ ఉంటే టేక్. తెలుగులో అనుకుని రా, పో ఏది వస్తుందో చూసుకో, పొరపాటు రాదు. ఫోన్లో ‘రేపు మీ ఇంటికి పుస్తకం తెస్తాను’ అంటావా, తీసుకుపోతాను అంటావా? తెస్తాను. నువ్వు వెళ్తున్నా సరే, వింటున్నవాడి వైపు నిలబడి మాట్లాడతావు. ఇంగ్లీషులో కూడా అక్కడ బ్రింగే. చూశావా, నీకు ముందే తెలుసు.

ఇంకొక్కటే చెప్పి ముగిస్తాను. మా రోజుల్లో ఉపన్యాసం చివర్లో ‘ఐ టేక్ లీవ్ ఆఫ్ యు’ అనేవారు. మీరు లీవ్ అంటే వెళ్లిపోవడం అనుకుంటారు. ఇక్కడి లీవ్ అది కాదు, వేరే మాట. పాత ఇంగ్లీషులో అనుమతి అని దాని అర్థం. పెద్దల దగ్గర అనుమతి తీసుకుని కదిలేవారు, అదే టేక్ లీవ్. ఆఫీసులో లీవ్ కూడా ఆ అనుమతే. ఇప్పుడు మన ‘సెలవు’ చూడండి. రాజుగారు సెలవిచ్చారు అంటే ఆనతిచ్చారని, మాట్లాడారని. ఆదివారం సెలవు. వెళ్లొస్తాను, సెలవు. మూడు పనులూ అదొక్కటే చేస్తోంది. ఈ రెండు మాటలూ ఒకదాన్నొకటి ఎన్నడూ చూసుకోలేదు.

నాకు నాలుగున్నరకి బస్సుంది. బస్ స్టాండుకి ఇరవై నిమిషాలు పడుతుందట. మీరు సెలవిస్తే, సెలవు.

(చప్పట్లు)